పంచె ముక్క

రాజుగారూ,
కౌలు ఎకరానికి నాలుగు వేలు పెంచుతున్నామని
మీ గుమస్తా కామేశం వచ్చి చెప్పాడు.
"నేల బాగుపడిందంటగా వీరవేణీ" అన్నాడు.
ఆయ్, బాగుపడిందండి.
ఎలా బాగుపడిందో ఆయన అడగలేదు,
నేనే చెబుతున్నాను.

మొదటి ఏడు
అది నేలలా ఉండేది కాదండి.
ఇటికబట్టీ ముందు తొక్కితొక్కి గట్టిపడ్డ జాగా.
వాన కురిస్తే నీళ్లు లోపలికి దిగేవి కాదు,
పిలవని చుట్టంలా గట్టు వారే నిలబడేవి.
పత్తి మోకాలెత్తున ఆగిపోయి
ఆకులు ఎర్రబారేవి.
పురుగనుకుని ఓ మందు కొట్టాను,
తెగులనుకుని ఇంకోటి.
కొట్టువాడు ఏ డబ్బా చేతిలో పెడితే అదే.

అప్పుడొచ్చాడు ఏసుపాదం,
ఆలమూరులో మట్టి పరీక్షలు చేసే కుర్రాడు.
చేలో వంకరటింకరగా నడిచి
పదిచోట్ల నాగటి కర్రు ఆకారంలో గోతులు తీశాడు.
జానెడు లోతున పక్కగోడ గీకి
గోనె మీద పోసి, నాలుగు వాటాలు వేసి,
ఎదురెదురు రెండూ పారబోశాడు.
మళ్లీ నాలుగు, మళ్లీ పారబోత.
ఆఖరికి అరకిలో మిగిలింది.
రెండెకరాల కష్టం
గుడ్డసంచిలో
చంటిపిల్ల బరువు కూడా తూగలేదు.

కార్డు వచ్చింది.
పైన మీ పేరు. మీ నాన్నగారి పేరు. సర్వే నంబరు.
నా పేరెక్కడా లేదు గానీ
అందులో రాసిన రోగాలన్నీ నేను మోసినవే.

"కర్బనం బాగా తక్కువండి" అన్నాడు.
కర్బనమంటే బొగ్గే గదా,
మా పొయ్యిలో బోలెడుంది అన్నాను.
ఆ కుర్రాడు నవ్వలేదు.
"కాయితం సంగతి సరే పిన్నిగారూ,
ఓ నూలుగుడ్డ పాతిపెట్టండి.
రెండు నెలలకి తీసి చూడండి.
నేలకి ఆకలుంటే తినేస్తుంది."

మా ఆయన పాత పంచె చింపి ముక్క పాతాను.
రెండు నెలలకి తవ్వితే
ఉతికి మళ్లీ కట్టుకునేలా వచ్చింది.
పత్తి పండే నేల
పత్తిగుడ్డని ముట్టలేదండి.
విస్తరి ముందు కూర్చుని
మొహం తిప్పేసుకున్న మనిషిని చూసినట్టైంది నాకు.

ఆ ఏడు పత్తిమోళ్లు తగలబెట్టలేదు.
గులాబిపురుగు దాక్కోకుండా
ముక్కముక్కలుగా నరికి దున్నించాను.
తొలకరికి జీలుగు చల్లాను.
పసుప్పచ్చగా పూతకొచ్చిన పైరుని కలియదున్నిస్తుంటే
గట్టు మీద జనం "పిచ్చెక్కిందా" అన్నారు.
వరద తీశాక పత్తి, మధ్య సాళ్లలో అలసంద.
మురుగుబోదె పూడిక తీయించి
నీళ్లు గౌతమి వైపు వాలేలా చేశాను.

రెండో ఏడు గోదారి ఒండ్రు తేలేదు,
ఇసక మేటేసి పోయింది.
నేనూ మా ఆడబిడ్డ చినతల్లీ
పదమూడు రోజులు గంపలతో మోశాం.
ఓ రోజు ఏటిగట్టున కూర్చుని ఏడ్చాను.
అది ఏ లెక్కలోనూ రాయలేదు లెండి.

మూడో ఏడు తవ్వాను, పాతిన చోటే.
గుడ్డ లేదు.
అంచులోని పాలియెస్టరు పోగొకటి,
దాని చుట్టూ మెలికలు తిరుగుతూ రెండు ఎర్రలు.
పోగు పట్టుకుని
చినతల్లిని కేకేశాను,
పక్క చేలవాళ్లు పామనుకుని పరిగెత్తుకొచ్చారు.

నాలుగు వేలన్నారు గదండి.
ఇస్తాను.
కానీ ఏటికేడు నోటిమాట వద్దు,
ఐదేళ్లకి కాయితం రాయండి.
నేల ఓ మనిషి చెయ్యి గుర్తుపట్టడానికే
మూడేళ్లు పడుతుంది.

కుదరదంటారా,
ఇంకెవరికైనా ఇచ్చుకోండి, మీ ఇష్టం.
వాళ్లకి ఒక్కమాట చెప్పండి.
ఉత్తరం మూల, బోదె పక్కన
నా పాత చీర ముక్క పాతి ఉంది.
మాఘమాసంలో తీయాలి.
చూడకుండా దున్నేయొద్దనండి.